చచ్చాక నవ్వాలి

మే 5, సోమవారం

ఈ రోజు నుంచి నేను గార్డియన్‌ని.

కొరియర్ గోడౌన్‌లో మంచినీళ్ళ డ్రమ్ము మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చినందుకు ఉద్యోగం పోయింది. ఉపన్యాసం మంచినీళ్ళ గురించే. డ్రమ్ము ఖాళీగా ఉంది కాబట్టే దాన్ని బోర్లించి నిలబడగలిగాను. ఈ తర్కం సూపర్‌వైజర్‌కు అందలేదు.

మమ్మీ తీర్పు చెప్పింది: "ఖాళీగున్నవ్ గదా. చెల్లెతోటి షూటింగ్‌కు నువ్వు పో. నేను రోజూ లీవు పెడితే కుట్టు మిషన్ మీద ఇంకోదాన్ని కూసోవెడ్తరు. ఆడ నోరు మూస్కొని కూసో."

డాడీ పైపుల కంపెనీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ అంతా విన్నాడు. విని, "నోరు మూస్కొని" అన్న ముక్కను మాత్రం ఇంకోసారి అన్నాడు.

గ్రేసీకి ఏడేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడాయి. పోయిన క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల. డైలాగు లేదు. బాలయేసు బొమ్మ చేయి జారి కింద పడితే గొర్రెపిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. చర్చి పక్క మేడ మీంచి అది చూసినవాడు దుర్గేష్, ఒక టీవీ సీరియల్‌కు మేనేజరు. గ్రేసీని అందులోకి తీసుకున్నాడు. ఆ సీరియల్ పేరు ఇక్కడ రాయడం నా పెన్నుకు అవమానం. మా గల్లీ మొత్తం చూస్తుంది. మమ్మీ చూస్తుంది. పరిశీలన కోసం నేనూ చూస్తాను.

మే 6

షూటింగ్ ఇల్లు నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో ఉంది. కింద హాలు అత్తగారిల్లు. మేడ మీద గది ఆసుపత్రి. కారు షెడ్డు పోలీస్ స్టేషన్. మెట్ల కింద మూల గుడి. రాజ్యాంగ వ్యవస్థలన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి, ఇంతమంది ఆడవాళ్ళకు బాత్రూమ్ మాత్రం ఒక్కటే.

సీరియల్‌లో గ్రేసీ పేరు చిన్ని. చిన్ని పని ఏడవడం. నానమ్మ తిడితే ఏడవాలి. అమ్మ వెళ్ళిపోతే ఏడవాలి. అమ్మ తిరిగొస్తే ఇంకా ఎక్కువ ఏడవాలి.

ఏడిపించే పద్ధతి ఈ రోజు చూశాను. డైరెక్టర్ సుధీంద్ర గారు గ్రేసీ పక్కన మోకాళ్ళ మీద కూచుని చెవిలో ఏదో చెప్పాడు. గ్రేసీ పెదవి వణికింది. ఆయన చేయి ఊపాడు, కెమెరా తిరిగింది, కన్నీళ్ళు ధారగా వచ్చాయి. కట్ చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "ఏం జెప్పిండే నీ చెవిల?"

"మమ్మీ లారీ కింద పడ్డదని."

"నువ్వు నమ్మినవా?"

"నమ్మలే. గని ఏడుపొచ్చింది." చిప్స్ నములుతోంది. "నిన్న డాడీకి కరెంట్ షాక్ కొట్టిందన్నడు. మొన్న నువ్వు బావిల పడ్డవ్."

"మరి ఇంట్ల ఎందుకు జెప్పలే?"

"ఉత్తదే గదా అన్నా."

మే 7

నిద్ర పట్టలేదు. పరుపు కింద ఉన్న కరపత్రాలన్నీ తీశాను. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పంచిపెట్టేవాళ్ళ చేతుల్లోంచి నేను తప్ప ఎవరూ మనసుపెట్టి తీసుకోరు. ఒకదాంట్లో దొరికింది: నటించే పిల్లల చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలకు మించకూడదు. ఎర్ర పెన్నుతో గీత గీశాను. రెండోసారి గీసేసరికి కాగితం చిరిగింది.

మే 8

యుద్ధం.

దుర్గేష్ ముందు కరపత్రం పరిచాను. అతను దాని మీద చాయ్ గ్లాసు పెట్టాడు.

"తమ్మీ, పాప యాక్టింగ్ జేసింది గంట. మిగిలినంతసేపు కూసుంది. కూసునుడు పనెట్లయితది?"

"నువ్వు గూడ పొద్దటిసంది కూసున్నవ్ గదా అన్నా. నీది పని గాదా?"

"నేను ఫోన్ మాట్లాడుకుంట కూసున్న."

తర్వాత సుధీంద్ర గారి మీదికి వెళ్ళాను. చిన్నపిల్లకు చావు కబుర్లు చెప్పడం హింస అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నా భుజం మీద చేయి వేశాడు.

"చూడు బాబూ. కొందరు పిల్లల కళ్ళల్లో కూడా గ్లిజరిన్ వేస్తారు. ఎంత మంటో తెలుసా? నేను ఒక్క పిల్లకి కూడా వేయలేదు. నా వల్ల కాదు. నాకూ మనసుంది."

నిజంగానే అన్నాడు. ఆయన కళ్ళల్లో తడి కూడా చూశాను. తన చెవిలో తనే ఏం చెప్పుకున్నాడో.

నానమ్మ వేషం వేసే హైమావతి గారు నన్ను పక్కకు పిలిచి మురుకులు పెట్టింది. ఇంటి దగ్గర చేసుకొస్తుంది, గ్రేసీ కోసం ఒక డబ్బా వేరు.

"నన్ను గూడ చిన్నప్పుడు గిట్లనే ఏడిపిచ్చిన్రు బిడ్డా. మస్తు ఏడుస్తుంటి. ఇప్పుడు గ్లిజరిన్ లేకుంటే సుక్క రాదు. మా అమ్మ పోయిన్నాడు గూడ రాలే. సుట్టాలంతా నన్నే సూసుడు."

నవ్వుతూ చెప్పింది. ఈ మాట కరపత్రానికి పనికొస్తుందని నోట్ చేసుకున్నాను.

మే 10

గ్రేసీకి రాజకీయ పాఠం చెప్పాను. మా ఇంటి మేడ మీద, బట్టలు ఆరేసిన తీగ కింద. పాఠం పేరు సమ్మె.

"సూడు, నీ తాన ఏది లేకుంటే వాళ్ళ పని నడవదో, గది బంద్ పెట్టాలె. గదే సమ్మె."

"నా తాన ఏమున్నది?"

"ఏడుపు. రేపటిసంది ఏడవకు."

గ్రేసీ మా పిల్లి బిషప్ తోకను వేలికి చుట్టుకుంటోంది. నల్లపిల్లి, మెడ దగ్గర తెల్లపట్టీ. ఆ పేరు నేనే పెట్టాను, మా చర్చి ఫాదర్‌కు ఇంకా తెలియదు.

"ఏడుపు నా చేతుల లేదన్నా. అబద్ధం జెప్తే అదే వస్తది."

వర్గచైతన్యం ఒక్క రోజులో రాదు.

మే 11, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక వీడియో తీశాను. ప్రజల ముందుకు వెళ్ళడమే మార్గం. గ్రేసీ మేడ మీద నిలబడి, బాల నటుల హక్కుల గురించి నేను రాసిచ్చింది చెప్పింది. మొదట్లో నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెబితే జనం కదలరు. మళ్ళీ తీశాం. మళ్ళీ తీశాం. ఎండ కాస్త ఎక్కువే ఉంది.

చివరికి బాగా వచ్చింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఎలా వచ్చాయన్నది పెద్ద విషయం కాదు. ఉద్యమానికి కావాల్సింది వచ్చింది.

మే 12

నెట్‌లో పెట్టిన వీడియో చూసినవాళ్ళలో సగం నేనే. మిగతా సగంలో దుర్గేష్ ఉన్నాడు. కింద కామెంట్ పెట్టాడు: "పాప ఎక్స్‌ప్రెషన్ సూపర్ తమ్మీ."

మే 15

ఏమీ రాయబుద్ధి కావట్లేదు. గ్రేసీ రాత్రి పడుకోబోయే ముందు బిషప్‌ను పొట్ట మీద పెట్టుకుని ఊపిరి ఉందా లేదా అని చూస్తోంది. వేసవి కదా, పిల్లలకు ఏవో ఆటలు.

మే 20

మమ్మీ ఉప్పల్‌లో కుట్టు యూనిట్‌లోనే కళ్ళు తిరిగి పడిపోయింది. పక్కవాళ్ళు దవాఖానాకు తీసుకుపోయారు. డాడీ ఫోన్ చేసినప్పుడు నేను షూటింగ్ ఇంటి గేటు దగ్గర లైట్‌బాయ్‌లకు శ్రమదోపిడీ వివరిస్తున్నాను. వాళ్ళు వింటున్నారు, ఎందుకంటే అక్కడ నీడ ఉంది.

లోపలికి పరిగెత్తాను. గ్రేసీ అత్తగారింటి సోఫాలో కూచుని ఉంది.

"గ్రేసీ, నడువు. మమ్మీకి బాగలేదు. దవాఖానల ఉంది."

కదల్లేదు. నా ముఖంలోకి చూసింది. తర్వాత నా వెనక చూసింది. కెమెరా ఎటు తిరిగి ఉందో చూస్తోందని నాకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"షాట్ ఎప్పుడన్నా?"

"షాట్ గాదే. నిజంగ. ప్రామిస్."

"నువ్వు మొన్న గూడ ప్రామిస్ అన్నవ్. బిషప్ చచ్చిపోయిందన్నవ్, వీడియో తీసెటప్పుడు. కిందికి పోయి సూస్తే కూలర్ మీద పండుకుంది."

సోఫా వెనక హైమావతి గారు ఉంది. మేకప్ ఆయన ఉన్నాడు. సుధీంద్ర గారు ఉన్నాడు. ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

భుజాన వేసుకుని తీసుకుపోయాను.

మే 20, మళ్ళీ

దవాఖానాలో మమ్మీ మంచం మీద ఉంది. సెలైన్ ఎక్కుతోంది. రక్తం తక్కువ ఉందట, దానికి తోడు ఈ ఎండ ఒకటి. భయం లేదన్నారు.

గ్రేసీ మంచం దగ్గరికి వెళ్ళి, మమ్మీ చేతి మీది ప్లాస్టర్‌ను గోరుతో కొంచెం పైకి లేపింది. షూటింగ్ ఆసుపత్రిలో ట్యూబును ప్లాస్టర్‌తో ఊరికే అంటిస్తారు. సూది ఉండదు.

"నిజంగనే గుచ్చిన్రా మమ్మీ?"

"ఔ బిడ్డా."

తల ఊపింది. స్టూలు మీద కూచుని కాళ్ళు ఊపుతూ ఫ్యాను చూసింది. భయం లేదు, బెంగ లేదు, ఒక్క చుక్క లేదు. కట్ చెప్పేదాకా ఆగే పనిమంతురాలిలా ఉంది.

నర్సు మెచ్చుకుంది: "ఎంత ధైర్యమో పాపకు!"

మమ్మీ నా చొక్కా పట్టుకుని వంచింది. "నాని, ఇదెందుకు ఏడుస్తలేదురా? గొర్రెపిల్ల వేషంల బొమ్మ పడితే ఏడ్చిన పిల్ల. నేను గిట్ల పండుకుంటే ఎందుకు ఏడుస్తలేదు? ఏం జేసిన్రురా నా బిడ్డను?"

నేను చెప్పాను. లారీ, కరెంట్ షాక్, బావి. అన్నీ చెప్పాను. పిల్లి సంగతి చెప్పలేదు.

మే 21

పిల్లి సంగతి గ్రేసీ చెప్పింది.

మే 22

మమ్మీ మాట్లాడట్లేదు. అన్నం పెడుతోంది, ప్లేటు చప్పుడు అవుతోంది.

నతానియేలు అనే పేరు నాకు పెట్టించింది ఫాదరే. బైబిల్లో ఆ పేరున్న పెద్దమనిషిలో కపటం లేదట. పోయిన ఏడాది ఒక కరపత్రం చదివి నేను దేవుణ్ణి వదిలేశాను. పేరును వదిలించుకునే కరపత్రం ఇంకా దొరకలేదు.

హైమావతి గారి మాట తీసి చదివాను. 'మా అమ్మ పోయిన్నాడు గూడ రాలే.' నోట్ చేసుకున్నాను గానీ వినలేదు.

మే 26

మమ్మీ షూటింగ్ ఇంటికి స్వయంగా వచ్చింది. చెప్పులు విప్పలేదు, చాయ్ తాగలేదు.

"నా బిడ్డ ఇగ రాదు."

దుర్గేష్ రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నడుమల పాప మాయమైతే జనం ఊకుంటరా? ఒక్క రోజు పంపు. సంపి పంపిస్తం. మర్యాదగ."

మమ్మీకి ఆ వాక్యం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. తర్వాత రెండు షరతులు పెట్టింది. ఒకటే రోజు. చెవిలో ఎవరూ ఏమీ చెప్పొద్దు. దుర్గేష్ వెంటనే ఒప్పుకున్నాడు. శవం ఏడవక్కర్లేదు కదా.

జూన్ 3

ఇది మొత్తం రాయాలి.

చిన్నిని చంపారు. మెట్ల మీంచి పడి, నానమ్మ ఒళ్ళో ప్రాణం విడవాలి. గ్రేసీ చక్కగా చచ్చింది. ముక్కులో దూది పెట్టారు. తుమ్మొస్తే ఆపుకుంది. హాల్లో ఇంకో వైపు ఆమె ఫోటో, దండ, దీపం. స్కూలు గుర్తింపు కార్డు కోసం తీసిన ఫోటోనే. దండ వేసేసరికి కాగితం, పూలు, అంతే, అని చెప్పుకున్నాను.

వీళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. చచ్చే సీను తీశాక, చచ్చినవాళ్ళు లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా షూట్ చేస్తారు. తర్వాతే దండ తీస్తారు, దీపం కొండెక్కిస్తారు, గుమ్మడికాయ కొడతారు. నవ్వకుండా ఎవరూ ఇంటికి పోరు. పోతే ఆ చావు వెంట వస్తుందట. ఐదు గంటల నియమం మీద చాయ్ గ్లాసు పెట్టిన దుర్గేష్, ఈ నియమం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు.

సుధీంద్ర గారు కట్ అన్నాడు. "ఇక లేమ్మా చిన్నీ. నవ్వు."

గ్రేసీ లేవలేదు.

"అయిపోయిందమ్మా. నవ్వితే ఇంటికే."

కళ్ళు మూసుకునే ఉంది. దూది కదులుతోంది, ఊపిరి ఉంది. పెదవులు మాత్రం బిగించుకుంది.

చాక్లెట్ తెచ్చారు. రాలేదు నవ్వు. సుధీంద్ర గారు కోతిలా గంతులు వేశాడు. ఆ పెద్దమనిషి తోక కోసం మైకు తీగ పెట్టుకున్నాడు. లైట్‌బాయ్‌లు నవ్వారు, శవం నవ్వలేదు. దుర్గేష్ బోనాల పోతరాజులా ఎగిరి, సోఫాకు కాలు తగిలి, ఒక బూతు మాట అన్నాడు. పెదవి చివర కొంచెం కదిలింది. మళ్ళీ బిగుసుకుంది.

కెమెరా మనిషి స్టాండు మీంచి చేయి తీయడం లేదు. గుమ్మడికాయ పట్టుకున్నవాడికి చేతులు గుంజుతున్నాయి. అందరి కళ్ళూ దీపం మీదే, నూనె అయిపోతోంది. హైమావతి గారు ఒళ్ళో ఉన్న గ్రేసీ తల నిమురుతోంది. "నా ఒళ్ళె సచ్చి నవ్వకుంటె ఎట్లనే తల్లీ. నవ్వు బంగారూ. నీకు దండం బెడత."

నేను హేతువాదిని. మూఢనమ్మకాల మీద ఒక కరపత్రం నా జేబులోనే ఉంది. దండ వెనక నుంచి గ్రేసీ ఫోటో నన్ను చూస్తోంది.

"గ్రేసీ," అన్నాను. "జర నవ్వే. నీకు దండం బెడత."

ఒక కన్ను తెరిచింది.

"సమ్మె," అంది.

హాలు హాలంతా నా వైపు తిరిగింది. సమ్మె అనే మాట ఆ ఇంట్లో ఇంకెవరూ వాడరు.

"ఏడుపు నా చేతుల లేదు," అంది గ్రేసీ, ముక్కులో దూదితో గొణుగుతూ. "నవ్వు ఉంది. ఇగ ఎవ్వరికి అబద్ధం జెప్పి ఏడిపియ్యమని అందరు ఒట్టెయ్యిన్రి. నాకే గాదు, నా తర్వాత వచ్చెటోళ్ళకు గూడ. గప్పుడు నవ్వుత."

అదంతా నేను రాసిచ్చింది కాదు.

సుధీంద్ర గారు నేల మీద కూచున్నాడు. మొదటిసారి ఆయన గ్రేసీ చెవి దగ్గర కాకుండా ముఖానికి ఎదురుగా కూచున్నాడు. "మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు. దుర్గేష్ ఎల్లమ్మ తల్లి మీద ఒట్టేశాడు, కాలు రుద్దుకుంటూనే. లైట్‌బాయ్‌లు ఎవరి దేవుడి మీద వాళ్ళు వేశారు, వాళ్ళెవరూ ఏమీ చెయ్యకపోయినా. హైమావతి గారు ఒట్టు మాట అనబోయి అనలేకపోయింది. ముఖం మీద గీసిన ముడతలు తడిసి కారుతున్నాయి. గ్లిజరిన్ సీసా మేకప్ డబ్బాలోనే ఉంది, మూత బిగించి. ఆమె చెంప తడుముకుని, వేళ్ళను చూసుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు దుర్గేష్.

"మా అన్న ఉన్నడు," అంది గ్రేసీ.

ఒట్టు వేయడానికి నా దగ్గర ఏమీ లేదు. దేవుణ్ణి వదిలేశాను. కరపత్రాల మీద వేద్దామంటే అవి ఎవరివో నాకు తెలియదు.

"బిషప్ మీద వెయ్యి."

అందరూ వింటుండగా పిల్లి మీద ఒట్టేశాను. ఎవరో బిషప్ అంటే పెద్ద ఫాదర్ అనుకుని భక్తిగా తల వంచారు.

అప్పుడు నవ్వింది. పళ్ళు లేని సందులోంచి, దూది ఎగిరి సుధీంద్ర గారి చొక్కా మీద పడేలా. కెమెరా తిరిగింది. గుమ్మడికాయ పగిలింది. దండ నేనే తీశాను. దారం ముడి పడలేదు గానీ విప్పడం చేతకాలేదు, తెంపేశాను.

జూన్ 4

దుర్గేష్ ఫోన్. "తమ్మీ, చిన్నికి కవల చెల్లె ఉంటదట. సార్ రాస్తుండు."

మమ్మీ ఫోన్ లాక్కుని, "దానికి బడి ఉంటది," అని పెట్టేసింది. తర్వాత ప్లేటు చప్పుడు లేకుండా అన్నం పెట్టింది.

జూన్ 12

బడి తెరిచారు. సాయంత్రం గేటు దగ్గర గ్రేసీతో చెప్పాను, మమ్మీకి పరీక్షలో మళ్ళీ రక్తం తక్కువ వచ్చింది, మందులు వాడాలట అని. నిజంగానే వచ్చింది. గ్రేసీ కెమెరా కోసం వెతకలేదు. నా ముఖాన్నే చాలాసేపు చూసింది. "బిషప్ మీద?" అంది. "బిషప్ మీద," అన్నాను. సరే అంది. ఏడవలేదు. ఇంటికెళ్ళి మమ్మీ మందుల సంచిని తన దిండు పక్కన పెట్టుకుంది.

జూన్ 17

వాన. గ్రేసీ కొత్త గొడుగు గాలికి ఎగిరి నాచారం నాలాలో పడింది. పసుపు గొడుగు, మీద బాతు బొమ్మలు. తిప్పుకుంటూ తిప్పుకుంటూ కొట్టుకుపోయింది.

గ్రేసీ నాలా గోడ పట్టుకుని ఏడ్చింది. ఏం ఏడుపది! నోరు చెవుల దాకా తెరిచి, చీమిడితో, ఎక్కిళ్ళతో, ముఖం వికారంగా వంకర్లు పోయి. సుధీంద్ర గారైతే ఈ ఏడుపును ఒక్క షాటుకు కూడా ఒప్పుకోడు. దారినపోయేవాళ్ళు ఆగారు. ఒకాయన, "ఎందుకట్ల ఏడిపిస్తున్నవ్ పిల్లను?" అని నా మీద కోప్పడ్డాడు. నాకు ఆయనకు దండం పెట్టాలనిపించింది.

ఇంటికొచ్చేదాకా ఏడ్చింది. మమ్మీ తలుపు తీసింది, చూసింది, గుమ్మంలోనే కూలబడి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. డాడీ, "గొడుగే గదనే, ఇంకోటి కొందం," అనబోతే మమ్మీ చేత్తో ఆపింది. ఏడవనీ అన్నట్టు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుక్కర్ మాత్రం ఒక విజిల్ వేసింది.

గ్రేసీ ముక్కు చీది నా తెల్లచొక్కాకు తుడిచింది.

ఆ చొక్కాను ఇక ఎప్పటికీ ఉతకను అని రాద్దామనుకున్నాను. కానీ అది అబద్ధమవుతుంది, బిషప్ మీద ఒట్టుంది. ఉతికేశాను.